పర్పుల్ కోన్‌ఫ్లవర్: ఏ రకం ఎంచుకోవాలి, విత్తనమా మొక్కా, నేలా కుండీనా?

1990ల దాకా తోటల్లో కోన్‌ఫ్లవర్ అంటే దాదాపుగా రెండే రంగులు: ఊదా కలిసిన గులాబీ, తెలుపు. ఇప్పుడు ఏ కేటలాగు తెరిచినా నారింజ, పసుపు, టమాటా ఎరుపు, లేత ఆకుపచ్చ, రేకులు కిక్కిరిసిన ముద్దపూలు, ఒకే పూవులో రెండు రంగులు కలిసినవి కనిపిస్తాయి. పేరున్న రకాలే వంద దాటాయి. ఫొటోలు చూస్తుంటే అన్నీ కావాలనిపిస్తుంది. కానీ కోన్‌ఫ్లవర్ బహువార్షికం. చలికాలంలో పైభాగం ఎండిపోయినా వేరు నేలలో బతికి ఉండి, ఏటా చిగురించి పూయాల్సిన మొక్క. అందుకే రకం ఎంచుకునేటప్పుడు ఫొటోలో ఎంత బాగుందన్నది కాకుండా, మూడో ఏడాది కూడా మన పాదులో ఉంటుందా లేదా అన్నది చూడాలని నా గట్టి అభిప్రాయం. కింద చెప్పే పోలికలన్నీ ఈ లెక్కతో చేసినవే.

తొందరలో ఉన్నవారికి నా సలహా ముందే చెప్పేస్తాను. మొదటిసారి పెంచుతున్నట్లయితే పర్పూరియా జాతిలో (మనం పర్పుల్ కోన్‌ఫ్లవర్ అనేది ఇదే) ఒంటిరేకు, అంటే కోను చుట్టూ ఒకే వరస రేకులున్న, ఊదారంగు రకం తీసుకోండి. ఎండ బాగా తగిలే, నీరు నిలవని చోట నేలలో నాటండి. నారింజలు, ముద్దపూలు ఆ మొక్క మీ దగ్గర ఒక చలికాలం దాటాక ఆలోచించవచ్చు.

జాతులు: తేడా అంతా వేరులోనే

కోన్‌ఫ్లవర్ల ప్రజాతి ఎకినేషియాలో సుమారు పది జాతులున్నాయి. అన్నీ ఉత్తర అమెరికా తూర్పు, మధ్య ప్రాంతాలకు చెందినవే. గడ్డి మైదానాల్లో, పలచటి అడవుల అంచుల్లో వాటంతట అవే పెరుగుతాయి. పొద్దుతిరుగుడు, బంతి, చామంతి ఉన్న కుటుంబమే వీటిదీ. మనం పర్పుల్ కోన్‌ఫ్లవర్ అనేది ఎకినేషియా పర్పూరియాను. వృక్షశాస్త్రవేత్త లిన్నేయస్ 1753లో దీన్ని రుడ్బెకియా అనే ప్రజాతిలో కలిపి వర్ణించాడు. 1794లో మోయెంక్ అనే మరో వృక్షశాస్త్రవేత్త విడదీసి ఎకినేషియా అనే వేరే ప్రజాతి కింద పెట్టాడు.

తోటమాలికి ముఖ్యమైన తేడా పూవులో కన్నా వేరులో ఉంది. పర్పూరియాది పీచు వేరు. పాలిడా, అంగుస్టిఫోలియా, పసుపు పూల పారడాక్సా తల్లివేరు మొక్కలు, నేలలోకి లోతుగా దిగిపోతాయి. దీనివల్ల పెంపకమే మారిపోతుంది. పీచు వేరు ఉన్న పర్పూరియాను చిన్నప్పుడు ఒకచోటి నుంచి ఇంకోచోటికి మార్చవచ్చు, దుబ్బు పెరిగాక విడదీసి నాటుకోవచ్చు, మామూలు తోట మట్టిలో సర్దుకుంటుంది, కుండీలోనూ నెగ్గుకొస్తుంది. తల్లివేరు జాతులు ఒకసారి కుదురుకున్నాక ఎంత ఎండనైనా తట్టుకుంటాయి కానీ, కదిలిస్తే కోలుకోవడం కష్టం. వాటికి బలమైన మట్టి, తరచూ నీళ్లు సుఖం కాదు. గులకరాళ్లు, ఇసుక కలిసిన బీద నేలే వాటికి ఇష్టం.

చూడ్డానికి కూడా వేటికవే. పర్పూరియా 60 నుంచి 120 సెంటీమీటర్ల ఎత్తు పెరుగుతుంది, ఆకులు వెడల్పుగా ఉంటాయి. పాలిడా రేకులు సన్నగా, పాలిపోయిన గులాబీ రంగులో, తడిసిన రిబ్బన్లలా కిందికి వేలాడతాయి. కొందరికి అది వాడిపోయినట్టు కనిపిస్తుంది. నాకు మాత్రం ఈ ప్రజాతిలో అందమైన పూవు అదే. అంగుస్టిఫోలియా పొట్టిది, మోకాలి ఎత్తు దాటడం తక్కువ. టెన్నెసియెన్సిస్ రేకులు కాస్త పైకి తిరిగి ఉంటాయి. అమెరికాలో అంతరించే ప్రమాదమున్న మొక్కల జాబితాలోకి 1979లో ఎక్కిన ఈ జాతి, పరిరక్షణ ఫలించి 2011లో ఆ జాబితా నుంచి బయటపడింది. ఒక అడవిపూవు విషయంలో ఇంత మంచి కబురు అరుదు.

మీ మట్టి నల్లగా, బంకగా, తేమ ఆరని తీరులో ఉంటే తల్లివేరు జాతుల జోలికి పోకండి. ఇసుక నేల, నీళ్లు పోసే తీరిక లేదు అనుకుంటే పాలిడా పర్పూరియా కన్నా నయం. మిగిలిన సందర్భాలన్నిటిలో పర్పూరియాయే.

వైద్యం గురించి ఒక్క మాట. అంగుస్టిఫోలియా వేరును ఉత్తర అమెరికా మైదానాల ఆదివాసులు మందుగా వాడేవారు. ఇప్పుడు జలుబుకని అమ్మే ఎకినేషియా మాత్రల మీద జరిగిన పరిశోధనల ఫలితాలు ఒక్కతీరుగా లేవు. ఆ ఉద్దేశంతో పెంచాలనుకుంటే ముందు డాక్టరును అడగండి, ముఖ్యంగా చామంతి జాతి పూల పుప్పొడి పడనివారు. ఈ వ్యాసం పూల కోసం పెంచేవారికే.

ఒంటిరేకా, ముద్దపూవా, కొత్త రంగులా?

ఎక్కువమంది తడబడేది ఇక్కడే, డబ్బులు పోయేదీ ఇక్కడే. కాబట్టి కాస్త వివరంగా చూద్దాం.

మనం ఒక పూవు అనుకునేది నిజానికి వందల చిన్న పూల గుత్తి. చుట్టూ ఉన్న ఊదా రేకులు ఒక్కొక్కటీ ఒక గొడ్డు పూవు. విత్తనం కట్టదు, పురుగుల్ని పిలవడమే దాని పని. మధ్యలో ముళ్లబంతిలా ఉబికి ఉన్న కోనులోనే అసలు పూలు. అవి అంచు నుంచి మధ్యకు వరస వెంట వరస విచ్చుకుంటూ పోతాయి. అందుకే ఒక్క పూవు వారాల తరబడి తేనెటీగలకు, సీతాకోకచిలుకలకు ఆహారం అందిస్తుంది.

ముద్దపూల రకాల్లో ఆ కోనులోని చిన్న పూలే రేకులుగా మారిపోతాయి. తేనె, పుప్పొడి తగ్గిపోతాయి, ఉన్నది కూడా పురుగుకు అందదు. విత్తనాలూ నామమాత్రమే. అమెరికాలోని డెలవేర్ రాష్ట్రంలో మౌంట్ క్యూబా సెంటర్ అనే ఉద్యానవనం 2018 నుంచి 2020 వరకు 75 రకాల కోన్‌ఫ్లవర్లను పక్కపక్కన పెంచి చూసింది. ముద్దపూల కన్నా ఒంటిరేకు పూల మీదే పురుగులు ఎక్కువగా వాలాయని అక్కడ తేలింది. ముదురు గులాబీ రేకుల 'పికా బెల్లా' అనే ఒంటిరేకు రకం ఆ పరీక్షలో ముందు వరసలో నిలిచింది.

ముద్దపూలకు ఇంకో చిక్కు బరువు. 'రజ్‌మటాజ్' లాంటి ముద్ద రకాల తల వాన నీళ్లు పీల్చుకుని వంగిపోతుంది, కర్ర కట్టాల్సి వస్తుంది. కూజాలో పెట్టుకోవడానికి ముద్దపూలు నిండుగా ఉంటాయి, అది ఒప్పుకుంటాను. కేవలం కోతపూల కోసమే పెంచేవారు ఒకటి రెండు మొక్కలు వేసుకోవచ్చు. తోటకు సీతాకోకచిలుకలు రావాలని కోరుకునేవారికి మాత్రం ముద్దపూలు వద్దనే చెబుతాను.

ఇక రంగులు. నారింజ, పసుపు, ఎరుపు రంగులు 2000 తరవాత మార్కెట్లోకి వచ్చాయి. పసుపు పూల పారడాక్సాను పర్పూరియాతో సంకరం చేసి వీటిని సాధించారు. పారడాక్సా తల్లివేరు మొక్క అని పైన చెప్పుకున్నాం కదా. రంగుతో పాటు, నీరు నిలిస్తే తట్టుకోలేని గుణం కూడా చాలా హైబ్రిడ్లకు సంక్రమించింది. దానికి తోడు ఇవి టిష్యూ కల్చర్‌లో (మొక్క ముక్క నుంచి ప్రయోగశాలలో కొత్త మొక్కలు పెంచే పద్ధతి) పెరిగి, కుండీలోనే గుత్తులుగా పూసి, అమ్మకానికి వస్తాయి. వేరు పెంచుకోవాల్సిన కాలంలో బలమంతా పూలకు పోతుంది. మొదటి ఏడాది అదిరిపోయేలా పూసి, తడి చలికాలం తరవాత మళ్లీ కనపడని నారింజ కోన్‌ఫ్లవర్ల కథ తోటమాలులందరికీ తెలిసిందే.

తరవాత వచ్చిన 'సోంబ్రెరో' వరస వంటివి ఆ తొలి హైబ్రిడ్ల కన్నా మెరుగు. అయినా హైబ్రిడ్ కొంటే ఒక పని తప్పక చేయండి: నాటిన ఏడాది పూకాడలను చాలావరకు తుంచేయండి. రంగు ఎలా ఉందో చూసుకోవడానికి ఒకటి రెండు ఉంచితే చాలు. మనసొప్పదు, తెలుసు. కానీ వేరు బలపడటానికి, కొత్త పిలకలు రావడానికి ఇంతకన్నా దారి లేదు. కొని తెచ్చిన మొక్క పూలు తుంచడం మన వల్ల కాదు అనుకునేవారు హైబ్రిడ్ల బదులు పర్పూరియాయే తెచ్చుకోవడం మేలు.

పర్పూరియాలోనే ఎంచుకోవడానికి చాలా ఉంది. 'మాగ్నస్' స్వీడన్ నుంచి వచ్చిన రకం. మామూలు కోన్‌ఫ్లవర్ల రేకులు కిందికి వాలితే, దీనివి వెడల్పుగా, అడ్డంగా పరుచుకుంటాయి. అమెరికాలోని పెరెన్నియల్ ప్లాంట్ అసోసియేషన్ 1998లో దీన్ని ఆ ఏటి మేటి బహువార్షికంగా ఎంచింది. ఇన్నేళ్లయినా ఇంకా అమ్ముడవుతోందంటే నిలదొక్కుకునే గుణం ఉండబట్టే. 'వైట్ స్వాన్' తెల్లది, ఊదారంగు మధ్య రెండు మొక్కలు పెడితే సాయంత్రం పూట తోట వెలిగినట్టుంటుంది. స్థలం తక్కువైతే పొట్టిగా, గుబురుగా పెరిగే 'పౌవౌ వైల్డ్ బెర్రీ' చూడండి. రంగురంగులు కావాలి, ఖర్చు ఎక్కువ కాకూడదు అంటే పర్పూరియా కాకపోయినా, విత్తనంతో పెంచుకోగల హైబ్రిడ్ 'షాయెన్ స్పిరిట్' ఉంది. ఒకే ప్యాకెట్లో ఎరుపు, నారింజ, పసుపు, ఊదా, తెలుపు వస్తాయి. కొత్త రంగుల మోజు తీర్చుకోవడానికి అన్నిటికన్నా తెలివైన దారి ఇదే అనుకుంటాను: పది మొక్కలు పెంచితే, వాటిలో మీ మట్టికి సరిపోయినవి అవే మిగులుతాయి.

విత్తనమా, నర్సరీ మొక్కా?

ఓపిక ఉంటే విత్తనం, ఈ సీజనులోనే పూలు చూడాలంటే మొక్క. మామూలు పర్పూరియా విత్తనం వేస్తే సాధారణంగా రెండో ఏడాది పూస్తుంది. 'పౌవౌ', 'షాయెన్ స్పిరిట్' లాంటివి ముందుగా నారు పోసుకుంటే మొదటి ఏడాదే పూస్తాయి.

మొలిపించడం కష్టమేమీ కాదు. మెత్తటి నారు మిశ్రమం మీద విత్తనాలు చల్లి, పైన 3 మిల్లీమీటర్ల మందాన మట్టి పలచగా కప్పి, తడి ఆరకుండా చూసుకోవాలి. 20 నుంచి 24 డిగ్రీల వేడిలో రెండు మూడు వారాల్లో మొలుస్తాయి. లోతుగా పాతితే మొలవవు. సాగులో ఉన్న పర్పూరియా విత్తనాలు చాలావరకు నేరుగానే మొలుస్తాయి. అడవి రకాల నుంచి సేకరించినవైతే తడి ఇసుకలో కలిపి ఒక నెల ఫ్రిజ్‌లో ఉంచితే మొలకలు ఒక్కసారిగా వస్తాయి. పాలిడా, అంగుస్టిఫోలియాలకు ఆ చలి రెండు మూడు నెలలు కావాలి. మొలిచాక కూడా అవి మొదట వేరు మీదే దృష్టి పెడతాయి, పూవు చూడాలంటే రెండు మూడేళ్లు పడుతుంది.

విత్తనంలో ఒక ఉపయోగం చాలామంది గుర్తించరు. విత్తనంతో పెంచిన మొక్కలు ఒకదానికొకటి కొంచెం తేడాగా ఉంటాయి. ఒకటి ఎత్తు, ఒకటి పొట్టి, ఒకటి వారం ముందు పూస్తుంది. కోన్‌ఫ్లవర్ తన పుప్పొడితో తాను సరిగా విత్తనం కట్టదు కాబట్టి ఈ తేడా అవసరం కూడా. ఒకే పేరున్న క్లోన్ మొక్కలు (ఒకే మొక్క నుంచి తీసిన అచ్చు నకళ్లు) అరడజను పక్కపక్కన నాటినా గట్టి గింజ పట్టేది తక్కువే. విత్తనపు మొక్కలు నాలుగు ఉంటే గింజలు రాలి, వాటంతట అవే మొలిచి, పాత మొక్క పోయినా వరస ఆగదు. పర్పూరియా ఒక్కో మొక్క ఆయుష్షు కొద్ది ఏళ్లే. అయినా పాత తోటల్లో అది తరాల తరబడి కనిపిస్తుందంటే ఆ రాలిన గింజల వల్లే.

హైబ్రిడ్ పూల గింజలు దాచి నాటాలనుకునేవారు ఒకటి గుర్తుంచుకోవాలి: తల్లి రంగు రాదు. మొలిచినవి ఎక్కువగా ఊదా, గులాబీ వైపే మళ్లుతాయి. ఆ రంగే కావాలంటే మొక్క కొనాలి, లేదా దుబ్బు విడదీయాలి.

నేలా, కుండీనా?

నేలే. రోజుకు కనీసం ఆరు గంటల ఎండ, నీరు ఇంకిపోయే మట్టి, మొక్కకూ మొక్కకూ 45 నుంచి 60 సెంటీమీటర్ల దూరం ఉంటే చాలు. ఎరువు ఎక్కువైతే కాడలు మెత్తబడి పడిపోతాయి. నాటేటప్పుడు కొద్దిగా కంపోస్టు కలిపితే సరిపోతుంది. మొదటి ఏడాది వేరు పట్టేవరకు వారం వారం నిండుగా నీళ్లు కావాలి. ఆ తరవాత మరీ ఎండాకాలంలో తప్ప తరచూ అక్కర్లేదు.

బాల్కనీ తప్ప వేరే చోటు లేనివారు పొట్టి రకాలు తీసుకుని, కనీసం 30 సెంటీమీటర్ల లోతు, అంతే వెడల్పు ఉన్న కుండీలో పెట్టండి. అడుగున చిల్లులు బాగా ఉండాలి. కుండీలో వేరుకు వేడి, చలి రెండూ ఎక్కువగా తగులుతాయి. నేలలో బతికినన్నాళ్లు అక్కడ బతకదని ముందే అనుకుంటే బాధ ఉండదు.

అసలు మీకు కోన్‌ఫ్లవరేనా?

ఈ మొక్కకు చలికాలపు విశ్రాంతి అలవాటు. గడ్డకట్టే చలిని హాయిగా తట్టుకుంటుంది, దాన్ని చంపేది చలిలో కలిసిన తడి. నీరు నిలిస్తే వేరు మొదలు కుళ్లుతుంది. చలి అసలు లేని, ఉక్కపోత, వారాల తరబడి వానలు ఉండే వాతావరణంలో ఇది ఎక్కువకాలం నిలవదు. అలాంటి చోట ఎత్తు మడి కట్టి, మధ్యాహ్నం తరవాత కాస్త నీడ పడేలా చూసి, చల్లటి నెలల్లో నారు పోసుకుని ఒక సీజను మొక్కగా పెంచుకోవడం మంచిది. ఏటా తిరిగి రావాలని ఆశ పెట్టుకోవద్దు.

అంత శ్రమ దేనికనుకుంటే చుట్టాలున్నాయి. ఎండ, ఇసుక, నీటి కొరత ఉంటే గైలార్డియా. వేసిన రెండు నెలలకే పూలు కావాలంటే జినియా, కాకపోతే ఏటా మళ్లీ విత్తాలి. మట్టి కాస్త బరువుగా, తేమగా ఉంటే పసుపు పూల రుడ్బెకియా 'గోల్డ్‌స్టర్మ్', అది పిలకలు వేసి తానే పరుచుకుంటుంది. మూడూ మంచి మొక్కలే. కానీ ఆ ఊదా రేకుల మధ్య నారింజ ముళ్ల కోను మెరిసే అందం వాటిలో లేదు. చోటు సరిపోతే మాత్రం కోన్‌ఫ్లవర్‌నే పెంచమంటాను.

తెగులు చూసి కొనండి

బూడిద తెగులు వచ్చినా ఆకులు వికారంగా కనిపిస్తాయే తప్ప మొక్క చావదు. గాలి ఆడేలా ఎడంగా నాటితే చాలు. భయపడాల్సింది ఆస్టర్ ఎల్లోస్ అనే తెగులుకు. ఫైటోప్లాస్మా అనే సూక్ష్మజీవి వల్ల వస్తుంది, ఆకుల రసం పీల్చే దోమ దాన్ని మోసుకొస్తుంది. నువ్వు చేలలో వెర్రి తెగులు చూసినవారు ఇట్టే గుర్తుపడతారు: రేకులు ఆకుపచ్చగా మారతాయి, కోను మీంచి ఆకుల కుచ్చులు పుట్టుకొస్తాయి, మొక్క మొత్తం పాలిపోయి గిడసబారుతుంది. మందు లేదు. వేరుతో సహా పీకి పారేయాలి. పక్కన ఆరోగ్యంగా ఉన్న మొక్కలను కాపాడుకోవాలంటే జాలి చూపకూడదు.

అయితే కోను మీద మాత్రమే వికృతమైన కుచ్చులు ఉండి, ఆకులు, మిగతా పూలు మామూలుగా ఉంటే అది చిన్న నల్లి పని కావచ్చు. అప్పుడు ఆ పూలు కత్తిరించి పారేస్తే సరి, మొక్కను పీకనక్కర్లేదు. ఈ తేడా తెలియక చాలామంది మంచి మొక్కలు పోగొట్టుకుంటారు.

వాడిన పూలు కత్తిరించాలా, ఉంచాలా అన్నది మీ ఇష్టం. సీజను మొదట్లో కత్తిరిస్తే పక్క కొమ్మల పూలు ఇంకా వస్తాయి. చివర్లో ఉంచేస్తే పిచ్చుక జాతి పక్షులు గింజలు తింటాయి, ఎండిన కాడల్లో కొన్ని ఒంటరి తేనెటీగలు గూడు పెడతాయి. మొదటి సగం కత్తిరించి, రెండో సగం వదిలేయడం నా పద్ధతి.

నర్సరీలో రెండు కుండీలు పక్కపక్కన ఉంటే, పూలు విరగబూసిన దాన్ని వదిలి, పూలు లేకపోయినా మొదట్లో రెండు మూడు పిలకలు కనిపించే దాన్ని తీసుకోండి. కుండీ వంచి అడుగు చూడండి. వేర్లు తెల్లగా, గట్టిగా ఉండాలి, గోధుమరంగులో మెత్తబడి ఉంటే వద్దు. నాటేటప్పుడు కుండీలో మొక్క మొదలు ఏ మట్టంలో ఉందో నేలలోనూ అదే మట్టంలో ఉంచి, కప్పిన ఎండుటాకులు దాని మెడను తాకకుండా నాలుగు వేళ్లు ఎడంగా జరపండి.